కుక్కపిల్లల చెవుల్లో ఆరూ తొమ్మిదీ

మా నల్లకుక్క శెనక్కాయల మూటల వెనక మూడు పిల్లల్ని పెట్టినప్పుడు వాటిని చూడ్డానికి వచ్చినంత మంది, నేను పుట్టినప్పుడు కూడా రాలేదని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. దానికి కారణం ఆ పిల్లల తండ్రి. మా ఊరు పెనుకొండకూ రొద్దానికీ మధ్యన ఉంటుంది. దారి పక్కన ఒక దానిమ్మ తోటలో కాపలాకని తెచ్చిన సీమకుక్క ఉండేది. నున్నగా, ఎత్తుగా, గుర్రప్పిల్ల మాదిరి. ఒకసారి అది గొలుసు తెంపుకొని మా ఊళ్లోకి వచ్చి కొన్నాళ్లు ఇష్టమొచ్చినట్టు తిరిగి వెళ్లిపోయింది. అప్పుడు ఏం జరిగిందో చూసినవాళ్లు లేరు. పిల్లలు పుట్టాక మాత్రం ఊళ్లో ప్రతివాళ్లూ దగ్గరుండి చూసినట్టే చెప్పారు.

మూడూ ఒకే అచ్చు. ఒళ్లంతా నలుపు, కాళ్ల చివర్లు గోధుమరంగు, కళ్ల మీద మళ్లీ రెండు గోధుమరంగు చుక్కలు. అలాంటిదాన్ని మా వైపు నాలుగు కళ్ల కుక్క అంటారు. కింది కళ్లతో దొంగల్ని, పై కళ్లతో దయ్యాల్ని చూస్తుందని నమ్మకం. సీమకుక్క వంశం, పైగా నాలుగు కళ్లు. ఆ మాట ఒకవైపు ధర్మవరందాకా, ఇంకోవైపు హిందూపురందాకా పోయింది.

ధర్మవరంలో ఉండేది మా మామ, అమ్మకు తమ్ముడు. పట్టుచీరల వ్యాపారం. హిందూపురంలో ఉండేది మా అత్త, నాయనకు చెల్లెలు. వాళ్లది కిరాణా అంగడి. ఈ ఇద్దరికీ చాలా ఏళ్లుగా మాటల్లేవు. మా ఇంట్లో ఏదో శుభకార్యంలో అత్త చేసిన ఓళిగను, అంటే బొబ్బట్టును, మామ పైకెత్తి చూపించి, దీని మీద బలపంతో రాసుకోవచ్చని నలుగురిలో అన్నాడట. అప్పటినుంచి అత్త ఆయన్ని ‘ఆ ధర్మవరమాయన’ అంటుంది. ఆయన అత్తను ‘హిందూపురమామె’ అంటాడు. ఒకే పంక్తిలో కూర్చున్నా, పప్పు కావాలంటే మధ్యలో ఉన్న మా అమ్మతో చెప్పిస్తారు.

ఈ ఇద్దరూ వేర్వేరు రోజుల్లో వచ్చి, మూడు పిల్లల్లో ఒక్కటే పిల్లను కోరుకున్నారు. ఎవరు వచ్చి కూర్చున్నా పాదం మీదికెక్కి పడుకునే పిల్ల ఒకటుండేది. మామ పాదం మీద పడుకుంది. ఇది నన్ను గుర్తుపట్టింది, నాదే అన్నాడు మామ. తర్వాతి ఆదివారం అత్త పాదం మీదా పడుకుంది. ఆమె కూడా అదే మాట అంది. మా నాయన ఎవరికీ కాదని చెప్పలేని మనిషి. ఇద్దరికీ సరేనన్నాడు. ఆ తర్వాత కుక్కపిల్లల పక్కన కూర్చుని చాలాసేపు తల గోక్కున్నాడు.

మామ తన పిల్లకు గుర్తుగా మెడలో జరీ పోగు కట్టి వెళ్లాడు. మా నల్లకుక్క ఆయన కారు మలుపు తిరిగేలోపే దాన్ని కొరికి ఉమ్మేసింది. అత్త తన పిల్లకు వెనక కాలి గోళ్లకు ఎర్రగా రంగు వేసి వెళ్లింది. మూడూ ఒకదాన్నొకటి నాకుతూ ఒక కుప్పగా నిద్రపోయి లేచేసరికి మూడింటి మూతులూ ఎర్రబడ్డాయి, గోళ్లు మాత్రం మామూలుగా ఉన్నాయి. చివరికి అమ్మ కుంకుమ పెట్టి చూసింది. సాయంత్రానికి మూడు పిల్లలూ, తల్లీ, మా నాయన పంచె కూడా కుంకుమరంగులో ఉన్నాయి.

పాదం మీద పడుకునే అలవాటునైనా గుర్తు పెట్టుకుందామంటే, ఈలోగా మిగతా రెండూ అది నేర్చుకున్నాయి.

మామ, అత్త మళ్లీ వచ్చారు. ఈసారి ఒకే రోజు తగిలారు. కానీ ఒక వింత జరిగింది. మామ చటుక్కున ఒక పిల్లను ఎత్తుకుని, లక్ష కుక్కల్లో ఉన్నా దీన్ని పోలుస్తానని అమ్మతో అన్నాడు. అత్త ఇంకో పిల్లను ఎత్తుకుని, ఈ ముఖాన్ని నేను మరిచిపోతానా అని అదే అమ్మతో అంది. ఇద్దరి చేతుల్లోనూ వేర్వేరు పిల్లలు. ఇద్దరూ అదే అసలుదని ఒట్టు పెట్టారు. అవతలి మనిషి వేరే పిల్లను ఎత్తుకున్నందుకు, తామే గెలిచామన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు కూడా.

నాయన నన్ను వంటింట్లోకి లాక్కుపోయి గుసగుసగా అన్నాడు. “పాపా, దేవుడే దారి చూపించినాడు. వీళ్లు మళ్లా మనసు మార్చుకునేలోపల పిల్లలకు చెరిగిపోని గుర్తు ఏమన్నా పెట్టల్ల. ఏముండాదో చూడు.”

నేను రొద్దంలో బడిలో పాఠాలు చెప్తాను. లోకంలో ఏం కావాలన్నా నాకు తెలుస్తుందని నాయన నమ్మకం. ఫోన్లో వెతికితే, జాతికుక్కల పిల్లలకు చెవి లోపల పచ్చబొట్టు పొడుస్తారని తెలిసింది. హిందూపురంలో సొంతంగా ఆసుపత్రి పెట్టుకున్న ఒక పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. కుందేళ్లకూ పందులకూ పొడిచే పనిముట్టు తన దగ్గర ఉందని, కుక్కపిల్లలకూ పనికొస్తుందని ఆయన చెప్పాడు. చర్మం కింద చిన్న చిప్ పెట్టే పద్ధతి కూడా ఉందన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పాను. దానికి నెలనెలా రీచార్జి చెయ్యాల్నా అని మా అవ్వ అడిగింది. అక్కర్లేదని చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు. పచ్చబొట్టే ఖాయమైంది.

పచ్చబొట్టు అనగానే మా అవ్వకు ఒక్కసారిగా పెత్తనం వచ్చింది. ఇంట్లో పచ్చబొట్టు ఉన్నది ఆమెకొక్కతికే. ముంజేతి మీద ఒక తేలు, దాని పక్కన చుక్కల ముగ్గు. చిన్నప్పుడు పొడిపించుకున్న తేలు, చేయి ముడతలు పడ్డాక ఇప్పుడు కాస్త రొయ్యలాగా ఉంటుంది. పొడిచే ఆమె పాట పాడుతూ పొడిచిందని, అందుకే తనకు నొప్పి తెలియలేదని, పాట లేకుండా పొడిస్తే పిల్లలకు జ్వరం వస్తుందని అవ్వ చెప్పింది. ఆ డాక్టరుకు పాట వచ్చునేమో కనుక్కోమంది. నేను కనుక్కోలేదు. అందుకని ఆమే బయల్దేరింది.

మామ కారులో అందరం హిందూపురం వెళ్లాం. పిల్లలు మూడూ వెనక టమాట క్రేటులో. అవ్వ ముందు సీట్లో. దారి పొడవునా ఎవరి పిల్లకు ఏ అంకె అన్న చర్చ. మామకు తొమ్మిదే కావాలి. ఆయన కారు నంబరు కూడినా తొమ్మిదే, ఫోన్ నంబరు కూడినా తొమ్మిదే. అత్త హిందూపురంలో ఆసుపత్రి దగ్గర మాకోసం నిలబడి ఉంది. ఆమెకు ఎవరో జాతకం చూసి ఆరు అంకె కలిసొస్తుందని చెప్పారట. ఇంకేం, గొడవ లేదు కదా అని నాయన చాలా సంతోషించాడు. మా ఇంట్లో ఉండిపోయే మూడో పిల్లకు మాత్రం అంకె వద్దని అవ్వ పట్టుబట్టింది. శ్రీరామ అని పొడవమంది. డాక్టరు దగ్గర ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ తప్ప వేరే లేవు. ఆయన వాటిని పళ్లెంలో పోసి ఒక్కొక్కటీ చూపించాడు. ప్రతిదీ చిన్నచిన్న సూదుల గుంపు. అవ్వ అన్నీ చూసి సున్నాను ఎంచుకుంది.

“ఇదైతే బొట్టు మాదిరి ఉండాది. ఇదే పెట్టప్పా.”

డాక్టరు మడకశిర వైపు మనిషి. మాతో తెలుగులో మాట్లాడతాడు, జంతువులతో కన్నడంలో మాట్లాడతాడు. ఎందుకని అడిగితే, వాటికి తెలుగులో చెప్తే వినవన్నాడు. పిల్లల కుడి చెవులు శుభ్రం చేసి, తిమ్మిరెక్కే మందు పూసి, అంకెకు ముందు ఒక అక్షరం కూడా పెడితే మంచిదని, లేదా అంకె కింద ఒక గీతైనా ఉండాలని చెప్పాడు. నాయన ఒప్పుకోలేదు. పసిపిల్లలకు అన్నేసి సూదులెందుకు, ఒక్క అంకె చాలదా అన్నాడు. డాక్టరు నావంక చూశాడు. నేనూ నాయన మాటే సరైనదనుకున్నాను.

ముందు మా సున్నా అయింది. తర్వాత మామ తొమ్మిది. పటకారులాంటి ఆ పనిముట్టును చెవికి అటూ ఇటూ పెట్టి ఒక్క నొక్కు నొక్కడం, ఆ చుక్కల్లోకి ఆకుపచ్చ సిరా రుద్దడం, అంతే. పిల్లలు కుయ్యిమనే లోపల అయిపోతుంది. కానీ అవ్వ పాట అయిపోదు. పిల్లను బల్ల మీద పెట్టగానే అందుకుంటుంది. డాక్టరు పని ముగించి చేతులు కట్టుకుని నిలబడ్డా, చరణం పూర్తయ్యేదాకా ఆపదు. బయట గేదె దూడను తెచ్చిన ఒకాయన, ఎద్దుకు కట్టు కట్టించుకోవడానికి వచ్చిన ఇంకొకాయన గుమ్మంలో నిలబడి విన్నారు. రెండోసారి పాట అయ్యాక దూడ మనిషి, మా దూడకూ సూది వేసేటప్పుడు పాడతావా అవ్వా అని అడిగాడు. అవ్వ సరేనంది.

మూడోది అత్త పిల్ల. నాయన పట్టుకున్నాడు. అవ్వ పాట ఎత్తుకుంది. ఆ పాటకో భయానికో పిల్ల నాయన చొక్కా మీద ఉచ్చ పోసింది. నాయన అదిరిపడి, తడి తన వైపు రాకుండా పిల్లను గిర్రున అటు తిప్పాడు. అదే క్షణంలో డాక్టరు పటకారు నొక్కాడు. ఆకుపచ్చ సిరా దట్టంగా పూశారు కాబట్టి చెవి లోపల ఏమీ కనబడలేదు. నాలుగు రోజులు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. నాయన చొక్కా కడుక్కోవడానికి పోయాడు. అవ్వ దూడ దగ్గరికి పోయింది.

పుండు మానేదాకా పిల్లలు మా ఇంట్లోనే ఉన్నాయి. సిరా పెచ్చులు రాలాక ఒకరోజు నేను వరండాలో పిల్లల చెవులు తిప్పి చూశాను. ఒకదానికి సున్నా. ఒకదానికి తొమ్మిది. ఇంకోదానికీ తొమ్మిదే.

కళ్లు నులుముకుని పిల్ల వెనక్కి వెళ్లి వంగి చూశాను. అప్పుడు ఆరు. సరే బాగుందనుకుని రెండో పిల్లనూ వెనకనుంచి చూశాను. అదీ ఆరే. నాయన పిల్లను తిప్పినందువల్ల ఆరు తలకిందులుగా పడింది. ముందు కూర్చుని చూస్తే రెండూ తొమ్మిదులే, వెనక నిలబడి చూస్తే రెండూ ఆరులే.

నాయన్ని పిలిచి చూపించాను. ఆయన ముందు నుంచి చూశాడు, వెనక నుంచి చూశాడు. చివరికి పిల్లను చేతుల్లోకి తీసుకుని అద్దం ముందుకు తీసుకుపోయి కూడా చూశాడు. అద్దంలో అది ఏ అంకే కాలేదు.

“డాక్టరుతో చెప్పి ఒక గీత గీయిద్దాం నాయనా,” అన్నాను.

“మళ్లా సూదులా? ఊరుకో,” అన్నాడు. “ఇద్దరికీ పిల్లలు కావల్ల, ఇస్తాం. ఒకరికి ఆరు కావల్ల, ఒకరికి తొమ్మిది కావల్ల. రెండూ ఉండాయి కదా.”

ఆ ఆదివారం మామ వచ్చాడు. నాయన ఆయన్ని పిల్ల ముందు చాప మీద కూర్చోబెట్టి చెవి ఎత్తి చూపించాడు. ఎప్పుడైనా ఇట్లే ఎదురుగా కూర్చుని చూడల్ల, లేకపోతే కుక్క బెదురుతాదని చెప్పాడు. మామ తొమ్మిదిని చూసి మురిసిపోయాడు. తర్వాత నాయనే బస్సులో హిందూపురం వెళ్లి రెండో పిల్లను అత్తకిచ్చి, దీని చెవి ఎప్పుడూ వెనక నిలబడే చూడల్లమ్మా, ముందు నుంచి చూస్తే కరుస్తాదని నేర్పి వచ్చాడు. తిరిగొచ్చి చెంబెడు మజ్జిగ తాగి, జీవితంలో ఇంత తెలివైన పని ఎప్పుడూ చెయ్యలేదన్నట్టు మంచం మీద వాలాడు.

కొన్ని నెలలు అంతా బాగానే ఉంది. అత్త కూతురికి పెళ్లి కుదిరింది. చీరలకు ధర్మవరం పోవాలి. మామ దగ్గర అత్త కొనేది కాదు గాని, మన మనిషి ఉండగా బయట కొంటే బాగుండదని అమ్మ నచ్చజెప్పి పంపింది. మామ ఇంటి ముందు అత్త ఆటో దిగింది. కుక్క గడప మీద వీధి వైపు వీపు పెట్టి కూర్చుని ఉంది. కుక్క చెవి చూడాలంటే వెనక నిలబడాలని మా నాయన నేర్పాడు కదా. అత్త వెనక నిలబడి, వంగి, దాని కుడి చెవి తిప్పింది.

మధ్యాహ్నం నేను బడిలో ఉండగా నాయన ఫోను చేసి తొందరగా ఇంటికి రమ్మన్నాడు. అంతకుముందే అత్త ఆయనకు ఫోన్ చేసింది. ఆమె అరవలేదట. చాలా నెమ్మదిగా ఒక్కటే అడిగిందట.

“అన్నా, నా కుక్క ధర్మవరంలో ఏం చేస్తాండాది?”

నీ కుక్క హిందూపురంలో మీ ఇంట్లోనే కదా ఉండేదని నాయన అన్నాడు. అయితే ఈడ ఉండేది ఎవురు అంది అత్త. మధ్యలో మామ ఫోను లాక్కుని, ఈమె నా తొమ్మిదిని పట్టుకుని ఆరంటాండాది బావా, కళ్లద్దాలు మార్పించండి అన్నాడు. అత్త చీరలు చూడకుండానే బస్సెక్కింది. ఇద్దరూ తమ తమ కుక్కల్ని తీసుకుని మా ఇంటికి వచ్చి తేల్చుకోవాలని నిర్ణయమైంది.

వచ్చారు. రెండు కుక్కలూ ఇప్పుడు మోకాలెత్తు పెరిగాయి. అయినా ఒకే అచ్చు. కారులోంచి ఒకటి, ఆటోలోంచి ఒకటి దిగి, మా సున్నాను చూడగానే పట్టుకున్నవాళ్ల చేతులు విదిలించుకుని మూడూ కలిసి శెనక్కాయ చేలోకి పారిపోయాయి. ముందురోజే వాన పడింది. అవి తిరిగొచ్చేసరికి నలుపు లేదు, గోధుమరంగు లేదు, చుక్కల్లేవు. మూడు ఎర్రమట్టి ముద్దలు. అమ్మ వాటిని బోరు కింద నిలబెట్టి, మెడపట్టీలు విప్పి, బాగా రుద్ది కడిగింది. పట్టీలన్నీ కలిపి ఒక బకెట్టులో వేసింది.

ఈలోగా వరండాలో విచారణ మొదలైంది. తుడిచిన కుక్కను ఒకదాన్ని తెచ్చి నిలబెట్టారు. మామ ముందు కూర్చున్నాడు, అత్త వెనక నిలబడింది. తొమ్మిదన్నాడు మామ. ఆరంది అత్త. రెండోదాన్ని తెచ్చారు. మళ్లీ తొమ్మిది, మళ్లీ ఆరు. తర్వాత అత్త ముందుకు వచ్చి మామ పక్కన కూర్చుని చూసింది. మామ లేచి వెనక్కి పోయి చూశాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఒకేసారి మా నాయన వైపు తిరిగారు.

నాయన జరిగిందంతా చెప్పాడు. చొక్కా సంగతి చెప్పేటప్పుడు మాత్రం తప్పు పిల్లదన్నట్టు చెప్పాడు.

అన్నేళ్లలో మొదటిసారి అత్త మామతో నేరుగా మాట్లాడింది. “చూస్తివా అప్పా, మా అన్న ఎట్లాంటోడో. ముందు కూర్చుని చూస్తే కరుస్తాదని చెప్పినాడు నాకు. ఇన్ని నెల్లు నా కుక్క ముఖానికి ఎదురుగా పోనేలేదు నేను.”

“నాకు వెనక నుంచి చూస్తే బెదురుతాదన్నాడు,” అన్నాడు మామ. “నా పెండ్లాము ఒకతూరి దాని వెనక నడిస్తే తిట్టినా.”

తర్వాత ఇద్దరూ కలిసి మా నాయన్ని తిట్టడం మొదలుపెట్టారు. ఒకరు అలిసిపోతే ఇంకొకరు అందుకున్నారు. ఆయన చిన్నప్పుడు ఎద్దుల్ని తారుమారు చేసి పక్కవాళ్ల బండికి కట్టిన సంగతి అత్త చెప్పింది. పెళ్లిలో తాళి కట్టేముందు పురోహితుడి చెప్పులేసుకుని పోయిన సంగతి మామ చెప్పాడు. నవ్వులు. అమ్మ అన్నాలు వడ్డించింది. మామ పప్పు కావాలని నేరుగా అత్తనే అడిగాడు. అత్త వడ్డించింది. నాయన మాత్రం కంచంలోంచి తలెత్తలేదు. కానీ ఆయన ముఖం చూస్తే నాకు అర్థమైంది, తిట్లు తినడం ఆయనకంత కష్టంగా లేదు.

సాయంత్రం మామ, లక్ష కుక్కల్లో ఉన్నా పోలుస్తానని తన కుక్కను కారెక్కించాడు. అత్త తన కుక్కను ఆటో ఎక్కించింది. కూరలో ముక్కలు తిని మత్తుగా ఉన్నాయేమో, రెండూ ఎటు ఎక్కమంటే అటు ఎక్కాయి. బకెట్టులోంచి మెడపట్టీలు తీసి అమ్మ చేతికి వచ్చినట్టు తగిలించింది.

రెండు రోజుల తర్వాత మామ ఫోన్ చేశాడు. ఆయన ఇంటి పక్కనే మగ్గాలు. పొద్దుటినుంచి సాయంత్రందాకా టకటకమని ఆడుతూనే ఉంటాయి. కుక్క ఆ చప్పుడు ఎప్పుడూ విననట్టు గోడ వైపు చూసి ఒకటే మొరుగుతోందట. పల్లెగాలి తగిలింది కదా, సర్దుకుంటుందిలే అని నాయన చెప్పాడు. ఫోన్ పెట్టగానే అత్త చేసింది. అక్కడ కుక్క పగలంతా తూగుతూ ఉంటుంది గాని కన్ను మూయదట. దానికీ పల్లెగాలే కారణమని నాయన చెప్పాడు. తర్వాత ఫోన్ తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టి వచ్చాడు.

అయితే ఇప్పుడు వాళ్లిద్దరికీ మాటలున్నాయి. మామ, అత్త ఒకరికొకరు ఫోన్ చేసుకుని, కుక్కల గుణాలు చెప్పుకుని, అవి తారుమారైన సంగతి అరగంటలో తేల్చుకున్నారు. మార్చుకుందామా అని మామ అడిగాడట. అత్త వద్దందట. “ఇదీ మన పిల్లే కదప్పా. వచ్చినప్పటినుంచి నా పాదం మీదే పడుకుంటాండాది. నిద్రకేం చెయ్యల్లో చెప్పు.” మగ్గం చప్పుడు లేక నిద్ర పట్టడం లేదని మామ చెప్పాడు.

కిరాణా అంగడి వాళ్ల ఇంట్లోకి మగ్గం యాడనుంచి వస్తుంది? అటక మీద పెళ్లినాటి కుట్టుమిషను ఉంటే అత్త దాన్ని దింపి, నూనె పోసి, మధ్యాహ్నం అన్నాలయ్యాక తొక్కడం మొదలుపెట్టింది. కుక్క మిషను కింద చేరి, నాలుగు కాళ్లూ చాపి నిద్రపోయింది. ఊరికే ఉత్త మిషను ఎంతసేపు తొక్కుతుంది? పాత గుడ్డ పెట్టింది. తర్వాత పక్కింటామె జాకెట్టు పెట్టింది. కూతురి పెళ్లి జాకెట్లన్నీ తనే కుట్టింది. ఈమధ్య నేను వెళ్తే ఇంటి ముందు నలుగురు ఆడవాళ్లు చీరలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. నేను పలకరించబోతే అత్త మిషను ఆపకుండానే, కింద పడుకున్న కుక్కను చూపించి, కాస్త నెమ్మదిగా మాట్లాడమని సైగ చేసింది.